గిడుగు రామమూర్తి పంతులుగారి బడి

వంశధారా నదీతీరమున, శ్రీముఖలింగ క్షేత్రమునకు చేరువనున్న పర్వతాలపేట యను గ్రామమున 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన గిడుగు వేంకట రామమూర్తిగారు జన్మించిరి. ఆ ప్రాంతము నాడు గంజాము జిల్లాలోనిది. నేడు శ్రీకాకుళము జిల్లాలోనిది. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు విజయనగర సంస్థానమువారి కొలువులో సముద్దారు ఉద్యోగము చేయుచుండిరి. సముద్దారనగా కొన్ని గ్రామముల శిస్తు వసూళ్లను, లెక్కలను కనిపెట్టి యుండువాడు. అట్టి యింట పుట్టిన బిడ్డ చెవిని కావ్యముల పద్యములతోపాటు శిస్తుల మాటలు, బకాయిల మాటలు, రైతుల మొరలు సైతము పడకమానవు. తరువాతి కాలమున ఆయన తెలుగునుగూర్చి యాలోచించిన తీరునకు ఈ నేపథ్యము కొంత కారణమై యుండవచ్చును.

తండ్రికి చోడవరమునకు బదిలీ యయ్యెను. 1875లో అచ్చట విషజ్వరముచే ఆయన గతించెను. అప్పటికి రామమూర్తిగారికి పండ్రెండేండ్లు. మేనమామగారి యింట నుండి విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొనిరి. గురజాడ అప్పారావుగారు అచ్చట ఆయనకు సహాధ్యాయులు. ఈ యిద్దరు బాలురును ముందు ముందు తెలుగు వచనపు త్రోవను మార్చనున్నారని ఆనాడెవ్వరు నెరుగరు. 1879లో మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఇక చదువునకు ఇంటి స్థితి అనుకూలింపలేదు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమువారికి చరిత్ర చెప్పు ఉపాధ్యాయుడుగా, నెలకు ముప్పది రూపాయల జీతముపై కుదిరిరి. ఇట్లు పదునేడేండ్ల వయస్సున పంతులైన ఆయన, మూడు దశాబ్దులు గడచి 1911లో ఉద్యోగము విరమించువరకు ఆ యూరనే పంతులుగా నుండిరి.

గురువు లేకయే చదువుకొన్నవారి చరిత్రలు మన దేశమున చాల గలవు గాని, పంతులుగారి స్వయంకృషి వానిలో నొక మెట్టు మీదిది. పగలు బడిలో పాఠములు చెప్పుచు, రాత్రులు తాము చదువుకొనుచు 1886లో ఎఫ్. ఏ. పరీక్షను, 1896లో బి. ఏ. పరీక్షను ప్రైవేటుగా గడించిరి. పాఠశాల కళాశాలగా పెరుగగా, కళాశాల తరగతులకు చెప్పు అర్హత ఆయనకు లభించెను. చరిత్ర చెప్పువాడు ఇతరులు వ్రాసిన చరిత్రను వల్లించిన చాలదని కాబోలు, ముఖలింగ దేవాలయముల గోడలమీది శాసనములను చదువుటకు పూనుకొనిరి. ప్రాచీన లిపులను తమంత తాము నేర్చుకొనిరి. తూర్పు గాంగరాజుల రాజధానియైన కళింగనగరము ఏదియను విషయమున నాడు పండితులలో భేదాభిప్రాయములుండెను. అది ముఖలింగమేయని పంతులుగారు శాసనాధారములతో వాదించిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ఆయనయే పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటించిరి. శాసనములతోడి యీ పరిచయము ఉత్తరోత్తర భాషావాదమున ఆయనకు గొప్ప ఆయుధమైనది. రాతిమీద చెక్కిన మాటను తరువాతి లేఖకుడు దిద్దలేడు గదా. తాటాకు గ్రంథముల మాట వేరు.

పర్లాకిమిడి చుట్టును కొండలు, అడవులు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని, ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా కుటుంబమునకు చెందినది. సంతకు దిగివచ్చిన సవరలను పల్లపువారు మోసగించుట సామాన్యమై యుండెను. లెక్క తెలియదు, వ్రాత తెలియదు, కచేరీ భాష తెలియదు. పంతులుగారు వారికి చదువు చెప్పవలెనని తలచిరి. కాని ఏ భాషలో చెప్పవలెను? తెలుగులో చెప్పిన వారికి తెలియదు. సవరలో చెప్పుటకు పంతులుగారికి రాదు. సులువైన మార్గము వారికి తెలుగు నేర్పుట. పంతులుగారు కష్టమైన మార్గము పట్టిరి. తామే సవర నేర్చుకొనిరి. తెలుగును సవరయు రెండును వచ్చిన మనిషిని తమ యింటనే పెట్టుకొని, మాట వెంట మాట వ్రాసికొనుచు, సంవత్సరముల తరబడి శ్రమించి యా భాషను వశపరచుకొనిరి. సవరలను ఇంటికి పిలిచి కూర్చుండబెట్టుకొనుట ఆ కాలపు టాచారమునకు ఎంత విరుద్ధమో చెప్పనక్కరలేదు.

ఆ భాషకు లిపి లేదు, గ్రంథము లేదు. పంతులుగారు వారి పాటలను, కథలను సేకరించిరి, వాచకములు కూర్చిరి. తమ సొంత సొమ్ముతో సవర పల్లెలలో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చి, సవర బిడ్డలకు సవరలోనే చదువు చెప్పించిరి. సంసారి యొకడు, అందును బడిపంతులు, తన జీతములోనుండి ఇతరుల బిడ్డల బడికి జీతము లిచ్చుట యెట్టిదో జమాఖర్చు వ్రాయువారికి తెలియును. కొండలలో తిరుగుటచే మన్యపుజ్వరము పట్టుకొనెను. దానికై మ్రింగిన క్వినైనా మందువలన వినికిడి చెడెను. వినికిడియే పెట్టుబడిగా భాషలు నేర్చినవానికి చెవుడు వచ్చుట దైవము చేసిన అన్యాయమనవలెను. ఈ సేవను గుర్తించి 1913లో ప్రభుత్వము ఆయనకు బిరుద మిచ్చెను. సవర భాషకు ఆయన ఇంగ్లీషున వ్రాసిన వ్యాకరణము 1931లో మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడెను. ఆ పిదప సవర ఇంగ్లీషు నిఘంటువును వెలువడెను. వ్యాకరణ మనగా సూత్రములు చేసి జనులపై రుద్దుట గాక, జనులు మాటలాడుదానిని ఆలకించి దాని నియమమును కనుగొనుట యని ఆయన గ్రహించినది ఈ సవరలవద్దనే. హెన్రీ స్వీటు, యెస్పర్సను మున్నగు పాశ్చాత్య భాషాశాస్త్రవేత్తల గ్రంథములను తెప్పించి చదివిరి. ఆ గ్రంథములలోని మాటయు, కొండమీది సవర నోటి మాటయు ఒక్కటే బోధించెను. నోటి భాష మొదటిది. వ్రాత దాని వెనుక నడచునది.

ఇక తెలుగు బడి సంగతి. ఆ దినములలో పాఠశాలలయందు వ్యాసరచన యెట్లు జరుగుచుండెనో నేటి పిన్నలకు తెలియకపోవచ్చును. పరవస్తు చిన్నయసూరిగారి బాలవ్యాకరణము 1858లో వెలువడినది మొదలు, పండితులకు అదియే శాసనము. విద్యార్థి వ్రాయు ప్రతి వాక్యమును దాని తక్కెడలో తూగవలెను. గుర్రం చెరువులో నీళ్లు తాగుతోంది అని యొక పిల్లవాడు కన్నులార చూచి, నోరార చెప్పగలడు. కాని కాగితముమీద గుఱ్ఱము చెఱువులో నీరు త్రాగుచున్నది అని వ్రాయవలెను. ఈ చిన్న వాక్యమున ఎన్ని గోతులున్నవో చూడుడు. గుఱ్ఱమునకు బండి ఱకారము. చెఱువునకు బండి ఱకారము. ఈ రెంటిని మామూలు రకారముతో వ్రాసిన దోషము. నోట రెండు రకారములకును భేద మెన్నడో నశించినది. అరసున్నల సంగతియు నంతే. వాడు అను మాట యందు అరసున్న యున్నదని చెవి చెప్పదు, నోరు చెప్పదు, పుస్తకము చెప్పవలెను. ద్రుతము, కళలు, సరళాదేశము, గసడదవాదేశము, ఇవి యన్నియు మనసున పెట్టుకొని కలము కదలింపవలసిన బాలునికి, గుర్రమును గూర్చి యాలోచించుటకు తీరిక యెక్కడిది?

ఫలితమేమనగా, పిల్లవాడు తనకు తెలిసినదానిని వ్రాయుట మానివేయును. తన యూరి చెరువును, తన తండ్రి కోడెలను, నిన్న కురిసిన వానను వ్రాయబోయిన తప్పులు దొరలును. అందువలన పండితుడు చెప్పిన సూర్యోదయ వర్ణనమును, సజ్జన సాంగత్యమును కంఠస్థము చేసి, పరీక్షలో దింపివచ్చును. అందు తప్పులుండవు. ఆ పిల్లవాడును ఉండడు. ముప్పదేండ్లు తరగతి గదిలో నిలిచిన పంతులుగారు ఈ సంగతిని కన్నులార గాంచిరి. చరిత్ర ప్రశ్నకు నోటితో చక్కగా జవాబు చెప్పువాడు, తెలుగున వ్రాయుమనగా తడబడును. విషయము తెలియక కాదు. భాష అడ్డము వచ్చుచున్నది. స్వభాష అడ్డము వచ్చుట యనునది వింత గాదా? సవర బాలునికి తెలుగు ఎట్టిదో, తెలుగు బాలునికి గ్రాంథికమట్టి దగుచున్నది.

పంతులుగారి ఆలోచనలకు ఉద్యమ రూపము వచ్చుటకు ఇంగ్లీషువాడొకడు నిమిత్తమయ్యెను. యేట్సు అను దొర ఉత్తర సర్కారు జిల్లాలకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చెను. ఆయన తెలుగు నేర్చుకొనుచుండెను. బజారులో వినబడు తెలుగు వేరు, పంతులు చెప్పు తెలుగు వేరు. ఇట్లేల యుండవలెనని విశాఖపట్టణమున ఏ. వి. ఎన్. కళాశాల అధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారి నడిగెను. ఆయన, దీనికి సమాధానము చెప్పగలవారు విజయనగరమున అప్పారావుగారు, పర్లాకిమిడిలో రామమూర్తిగారు అని చూపించెను. పరాయివాడు అడిగిన ప్రశ్న మనవారికి తోచకపోవుటకు కారణము లేకపోలేదు. పుట్టినది మొదలు చూచుచున్న వంకర కంటికి ఆనదు.

ఇంగ్లీషు బోధనయందు అప్పుడు క్రొత్తగా ప్రవేశించిన ప్రత్యక్ష పద్ధతిలో పంతులుగారు ప్రవీణులు. మొదట చెవికి, పిమ్మట నోటికి, ఆ పిమ్మట కంటికి, కడపట చేతికి భాష నలవాటు చేయవలెనని దాని సారము. పరభాషకే యీ న్యాయము కావలసినచో, తల్లిభాష వ్రాతకు చెవితోను నోటితోను పనిలేదనుట ఎట్లు?

పంతులుగారి వాదమును వినినవారికంటె వినకయే నిందించినవారు హెచ్చు. కావ్యములను పారవేయుమన్నాడనియు, పామరుల మాటలను పుస్తకములకెక్కింపుమన్నాడనియు అపవాదు పుట్టెను. ఆయన చెప్పినది అది కాదు. నన్నయ, తిక్కన, పోతనల గ్రంథములను పిల్లలు చదువవలెను, వాని భాషను గ్రహింపవలెను, ఆనందింపవలెను. కాని చదువవలసిన భాష యొకటి, వ్రాయవలసిన భాష యొకటి. ఇంగ్లీషు బాలురు చాసరును, షేక్స్పియరును చదువుదురు. వ్యాసము మాత్రము తమ కాలపు టింగ్లీషుననే వ్రాయుదురు. షేక్స్పియరు భాషలో ఉత్తరము వ్రాయని నేరమునకు అచ్చట ఎవ్వరును మార్కులు తగ్గింపరు. ఇక పామరుల మాట యనుటయు పొరపాటే. చదువుకొన్న మర్యాదస్తులు నలుగురిలో మాటలాడు భాష, శిష్టవ్యావహారికము, ఆయన కోరినది. ఒక జిల్లా యాసను వేరొక జిల్లాపై మోపుమని ఆయన యెన్నడు ననలేదు.

సాహిత్య పాఠమునకును ఈ మార్పు మేలే చేయునని ఆయన తలంపు. పద్యమును తరగతిలో చెప్పునపుడు ఉపాధ్యాయుడు చేయుచున్న దేమి? ప్రతి పదమునకు ప్రతి పదార్థము, సంధి, విగ్రహవాక్యము, వ్యాకరణ విశేషము. కావ్యము వ్యాకరణమునకు ఉదాహరణల బుట్టగా మారినది. విద్యార్థి అందులోని పదబంధములను తన వ్యాసమునకై ఏరుకొనును. కవి హృదయము నటే విడిచిపెట్టును. వ్రాతభారము తొలగినచో కావ్యమును కావ్యముగా చదువుకొను తీరిక కలుగును. ప్రాచీన కవులపై నిజమైన గౌరవముగలవాడు మాత్రమే చేయదగిన వాద మిది. తిక్కనను ఎరువు సొమ్ముగా వాడుకొనువారికంటె, ఆయనను ఊరక చదివి తల యూచువాడు మేలు గదా.

ఈ వాదమున ఆయన బలము పూర్వగ్రంథముల పరిచయములోనే యున్నది. కావ్యములను ఎదిరించుటకు కాక, కావ్యములను సాక్షులుగా పిలుచుటకు వచ్చినవా డాయన. పండితులు తప్పని కొట్టివేసిన రూపములను పూర్వకవులే ప్రయోగించిరని ఉదాహరణములు గుట్టలుగా పోసి చూపిరి. బాలవ్యాకరణ సూత్రములకు లొంగని కవిప్రయోగములు ఎన్ని గలవో బాలకవి శరణ్యమను గ్రంథమున నిరూపించిరి. అంతతో నూరకుండక, గ్రాంథికమే వ్రాయవలెనని పట్టుపట్టిన పండితుల రచనలనే తీసికొని, వారి నియమములను బట్టియే వారు చేసిన తప్పులను పట్టి యిచ్చిరి. ఆంధ్రపండిత భిషక్కుల భాషాభేషజ మను గ్రంథము అట్టిది. మహాపండితులకే చేతగాని భాషను పండ్రెండేండ్ల బిడ్డకు పరీక్ష పెట్టుట ధర్మమా యన్నది ఆ గ్రంథముల అంతరార్థము. ఆయన పద్ధతి కొంత కఠినమైనదే. ఎదుటివాని తప్పును నలుగురిలో చదివి వినిపించుటవలన ఎదుటివాడు మారుట యరుదు, పగబట్టుట సహజము. ఈ విషయమున ఆయన మెత్తనివారు కారు.

వచనమునకు పాత ప్రమాణములు లేవన్న మాటకును ఆయన సమాధానము వెదకి తెచ్చిరి. శాసనముల వచనము, కావ్యములకు వ్రాసిన టీకలు, గ్రామముల కైఫీయతులు, దక్షిణదేశపు రాజుల కాలమునాటి వచన గ్రంథములు, జాబులు, వీనియందెల్ల వాడుక భాష జీవించియున్నదని చూపి, గద్య చింతామణి యను పేర అట్టి వచనములను కూర్చిరి. శతాబ్దుల తరబడి ఊరి కరణము వ్రాసిన లెక్కయు, రైతు వ్రాయించుకొన్న పత్రమును పండితుని సెలవు లేకయే నడచినవి. భూమి హద్దులు చెప్పవలసినచోట మాట తెలియకపోయిన భూమి పోవును. అందుచేత అచ్చట భాష తేటగానే యుండెను. అయినను దస్తావేజులలోను తమదైన బిగువు, పడికట్టు పదములు చేరినవని ఒప్పుకొనక తప్పదు. వ్రాత యెక్కడ స్థిరపడిన అక్కడ గట్టిపడుట దాని గుణము కాబోలు.

1912, 1913 సంవత్సరముల ప్రాంతమున స్కూలు ఫైనలు పరీక్షలో తెలుగు వ్యాసమును ప్రాచీన భాషలో గాని ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని అనుమతి వచ్చెను. పండిత లోకము భగ్గుమనెను. 1911లో నెలకొన్న ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున జయంతి రామయ్య పంతులుగారు, ఇతర మహాపండితులు దీని నెదుర్చిరి. రామయ్య పంతులుగారిని సంకుచితులనుట అన్యాయము. డిప్యూటీ కలెక్టరు ఉద్యోగము చేసినవారు, శాసనము లెరిగినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటి మహాకార్యమును భుజమున వేసికొన్నవారు. వారి భయము నిరాధారమైనది కాదు. గంజాము మొదలు రాయలసీమ వరకు, నైజాము వరకు, తెలుగు పలురకములుగా పలుకుదురు. అందరిని ఒక్కటిగా కట్టియుంచునది కావ్యభాషయే. ఆ త్రాడు తెగినచో తెలుగు ముక్కలగునని వారి బెంగ. దానికి రామమూర్తిగారి జవాబు, చదువుకొన్నవారి భాష జిల్లా జిల్లాకును దగ్గర యగుచున్నది, వ్రాయగా వ్రాయగా అదియే ఒక ఒరవడి యగును అని. పత్రికలు పెరిగిన పిదప జరిగినది చూడగా రామమూర్తిగారి యంచనాయే నిలిచినది. కాని 1913లో నిలబడి చూచువానికి అది యంత తేటగా కనబడకపోవుటలో వింతలేదు.

మద్రాసు విశ్వవిద్యాలయమువారు నియమించిన సంఘమున గ్రాంథికవాదులే హెచ్చు. గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రమును సమర్పించిరి. అయినను ప్రయోజనము లేకపోయెను. బడిపిల్లలకు లభించిన సడలింపును కొలదికాలములోనే తీసివేసిరి. 1915 నవంబరులో అప్పారావుగారు పరమపదించిరి. చిన్ననాటి సహాధ్యాయి పోవుటతో పంతులుగారు ఒంటివారైరి.

ఆ 1914వ సంవత్సరముననే ఏప్రిలు 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్యగారు మున్నగువారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినదని ఈ సందర్భమున తలచుకొనవచ్చును. ఒక వంక పుస్తకమును పల్లెకు తెచ్చు ప్రయత్నము. వేరొక వంక పల్లె భాషను పుస్తకమునకు దూరముగా నుంచు తీర్మానము. గ్రంథాలయపు టరుగుమీద ఒకరు పత్రిక చదువగా పదిమంది వినుట తెలుగు పల్లెలలో తరతరములుగా సాగిన యాచారము. విను పదిమందికి అర్థము కాని మాటను చదువరియే విప్పి చెప్పవలసి వచ్చుచుండెను. అనగా ఒకే వార్తను రెండు తెలుగులలో చదువుట.

ఉద్యోగము విరమించిన పంతులుగారికి తరగతిగది పోయినను బడి పోలేదు. ఊరూర తిరిగి సభలలో ఉపన్యసించిరి. వినికిడి తక్కువైనవానితో వాదించుట ప్రత్యర్థులకు కష్టము. ఎదుటివారి కేకలు ఆయన నాపజాలవు. 1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజము స్థాపితమయ్యెను. దానికి కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులు, రామమూర్తిగారు కార్యదర్శి. తమ జీవితమెల్ల గ్రాంథికమున సంపుటములు సంపుటములుగా వ్రాసి, వ్యాకరణమును సైతము రచించిన వీరేశలింగముగారు కడపటి దినములలో ఈ పక్షమునకు వచ్చుట సామాన్య విషయము కాదు. కాని మూడు నెలలైన నిండకమునుపే, మే 27న, ఆయన స్వర్గస్థులైరి. ఆ యేటనే రామమూర్తిగారు తెలుగు అను పేర మాసపత్రికను నడపిరి. అది యొక యేడు మాత్రమే నడచెను. చందాలు రాని పత్రిక గతి యంతే.

1925లో తణుకున జరిగిన సాహిత్య పరిషత్తు సభలో ఆయన నాలుగు గంటలు ప్రసంగించి ప్రత్యర్థులను మెత్తపరచిరి. ఒకనాడు తమను ఖండించుటకు ఆయుధములు దూసిన పరిషత్తు సభలోనే ఈ మాట చెల్లుట ఆయనకు గొప్ప విజయము. అంతకంటె గొప్ప విజయము కలములు పట్టిన యువకులవలన కలిగినది. కథకులు, నవలాకారులు, పత్రికలవారు ఎవ్వరి సెలవు కోరక వాడుక భాషలో వ్రాయసాగిరి. పర్లాకిమిడిలో ఆయన శిష్యుడైన తాపీ ధర్మారావుగారు ఒకప్పుడు గ్రాంథికాభిమాని యైయుండియు, పిదప పత్రికను వాడుక భాషలో నడపి గురువు ఋణము తీర్చుకొనిరి. 1933లో డెబ్బదేండ్లు నిండిన పంతులుగారిని రాజమహేంద్రవరమున ఘనముగా సన్మానించి, దేశ విదేశ పండితుల వ్యాసములతో సంపుటమును సమర్పించిరి. అటుపిమ్మట ప్రభుత్వము కైజరిహిందు పతక మొసగెను.

ఇన్ని గౌరవములు పొందినను ఆయన మనస్సు కుదుటపడలేదు. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా పర్లాకిమిడి అందు చేరెను. దానిని ఆంధ్రులకే యుంచవలెనని పంతులుగారు పోరాడియుండిరి. ఆ పోరాటము ఫలింపలేదు. పదునేడేండ్ల వయస్సున వచ్చి, ఏబదియారేండ్లు కాపురముండి, వేలకొలది బిడ్డలకు చదువు చెప్పిన యూరిని, డెబ్బదిమూడవ యేట విడిచి రాజమహేంద్రవరము చేరిరి. సవర కొండలును సరిహద్దు కావలనే నిలిచిపోయినవి. ఇంతటి యెడబాటునుగూర్చి ఆయన చరిత్రలలో సాధారణముగా ఒకటి రెండు వాక్యములు మాత్రమే కానవచ్చును. భాషావాదపు చప్పుడులో మనిషి గుండె చప్పుడు మరుగుపడినది.

మరియొక సంగతి. నేటికిని ఆయనను స్మరించు వ్యాసములు అనేకము గ్రాంథికముననే వ్రాయబడుట కలదు. అలవాటు అంత తేలికగా పోవునది కాదు. పంతులుగారు చూచియుండిన కోపింపరు. ఎఱ్ఱసిరా తీసికొని, ఇచ్చట ద్రుతము తప్పినది, ఇచ్చట యడాగమము చెల్లదు అని వరుసగా గుర్తులు పెట్టియుందురు. అదియు ఆయన వాదమునకు మరియొక సాక్ష్యమే యగును.

1940 జనవరి 15వ తేదీన మద్రాసున ప్రజామిత్ర పత్రిక కార్యాలయమున పత్రికలవారి నడుమ ఆయన కడపటి ప్రసంగము చేసిరి. అప్పటికి డెబ్బదియారేండ్లు దాటినవి, శరీరము శిథిలమైనది. పత్రికలు, రచయితలు వాడుక భాషను చేపట్టినందుకు సంతసించిరి. విద్యాశాఖవారు, విశ్వవిద్యాలయములవారు మాత్రము ఇంకను పాత భాషనే పట్టుకొని యున్నారని చింతించి, ఆ పని పూర్తిచేయుడని వేడుకొనిరి. ముప్పదేండ్లకు పైబడిన వాదము అంతయు ఆ యొక్క విన్నపమున ఇమిడినది. బయట లోకము మారినది, బడి మారలేదు. ఆయన వాదము మొదలైనదే బడిపిల్లవాని పలకవద్ద గనుక, పత్రికల గెలుపు ఆయనకు సగము గెలుపే.

అటుపిమ్మట వారము దినములకు, జనవరి 22వ తేదీన, మద్రాసున ఆయన కన్నుమూసిరి. విశ్వవిద్యాలయములు పరీక్షల వ్రాతలలో వాడుక భాషను పూర్తిగా అంగీకరించుటకు మరి మూడు దశాబ్దులకు పైగా పట్టినది. సవర భాషాకృషియందు తండ్రికి చేదోడైన గిడుగు సీతాపతిగారు 1969 వరకు జీవించి ఆ పనిని కొనసాగించిరి. ఆగస్టు 29వ తేదీని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుచున్నారు. ఆనాడు బడులలో పిల్లలచేత వ్యాసములు వ్రాయింతురు.